మనవరాలి బల్లకు రెండు వైపులు

మికి ఊళ్ళో వడ్రంగి పనిముట్లు అమ్మే కొట్టు. లోపల హత్సుయె మామ్మ. ఆవిడ భర్త బతికున్నన్నాళ్ళూ చిత్రికలకు చెక్క దిమ్మలు చెక్కినవాడు. ఎదురుగా, మొన్న కొన్న చిత్రిక చేత పట్టుకుని, రిటైరయిన లెక్కల మేష్టారు నరుమి గారు.

"ఇది వద్దు మామ్మగారూ. పైనున్న ఆ పెట్టె దించండి."

"అది మీకు అమ్మను."

"అమ్మనిది అలమరలో ఎందుకు పెట్టారు?"

"పెట్టాను, నా అలమర. ముందు దీనికేం రోగమొచ్చిందో చెప్పండి."

"తెగదు. గీరుతుంది, అంతే. చౌకది కదా."

"కొన్నాక ఏం చేశారు?"

"ఏం చేస్తాను? కాగితం విప్పి పట్టాను."

"విప్పి పట్టేశారా. సాన పట్టలేదూ?"

"కొత్తది కదండీ."

"మేష్టారూ, మీరు బియ్యం కొన్న పూటే నోట్లో పోసుకుని, పలుకుగా ఉందని కొట్టువాడి మీదకి పోతారా?"

"అంటే..."

"అంటే ఇది బియ్యం. అన్నం మీరు వండుకోవాలి. ఆ పెట్టెలోదీ బియ్యమే, కాకపోతే ఖరీదైన బియ్యం. ఏదీ, ఎలా పట్టారో పట్టి చూపించండి."

"ఇదిగో, ఇలా."

"ముందుకి తోస్తున్నారేం?"

"ఫోనులో ఒక దొర ఇలాగే తోశాడు."

"ఆ దొర చిత్రిక వేరు. ఇది లాగేది. మీ నాన్నా, తాతా లాగలేదూ?"

"మా నాన్న పోస్టాఫీసులో పనిచేశాడు."

"సరిపోయింది. ఇంతకీ తొందరేమిటి?"

"ఏం లేదు. ఆదివారం చిన్న పని."

"చిన్న పనికి ఆ పెట్టె అడిగారా?"

"మనవరాలు బళ్ళో చేరుతోంది. దానికి రాసుకునే బల్ల. బల్ల పై చెక్కకి ఒక వైపు నేను, రెండో వైపు మా వియ్యంకుడు చిత్రిక పట్టాలి. అందరి ముందూ."

"ఆయనకి వచ్చా?"

"రావడమేమిటి, నలభై ఏళ్ళుగా వడ్రంగి. కుసునోకి గారని, పక్కూరు ఒనోలో."

"ఓహో."

"తెలుసా మీకు?"

"ఒనోలో వడ్రంగులకేం తక్కువ. ఆ సానరాయి ఇటివ్వండి. మరి మిమ్మల్నెవరు ఒప్పుకోమన్నారు?"

"ఒప్పుకోలేదు. కోతలు కోశాను. పెళ్ళి మాటల నాడు రెండు గిన్నెల సారా దిగాక, నేనూ ఇంట్లో చేత్తోనే చిత్రిక పడతానండీ అన్నాను."

"పట్టారా ఎప్పుడైనా?"

"ఒక పెన్సిలు చెక్కాను."

"బాగుంది."

"నవ్వకండి మామ్మగారూ. మా అమ్మాయి చిహారు ఏడేళ్ళుగా ఆ ఇంట్లో మా నాన్నగారు, మా నాన్నగారు అని చెప్పుకుంటోంది. ఆదివారం నేను గీరితే తల దించుకునేది అది. నేను ఇంటికొచ్చేస్తాను, అది ఎక్కడికి పోతుంది?"

"అయితే ఏడుపు ఆపి రుద్దండి. బ్లేడు వీపు ముందు. అద్దంలా మీ మొహం కనపడాలి."

"కనపడుతోంది."

"అది మీ మొహం కాదు, దీపం. రుద్దండి."

"ఇదిగో, నా ముక్కు కనపడింది."

"ఇప్పుడు వీపుకి పెన్సిలు పొడి రాసి దిమ్మలో దూర్చండి. తియ్యండి. లోపల నల్లగా ఎక్కడ అంటింది?"

"మూడు చోట్ల."

"ఆ మూడే గీకండి. మళ్ళీ దూర్చండి. మా ఆయన ఒక్కో దిమ్మకి ముప్పైసార్లు దూర్చేవాడు, నన్ను పలకరించడానికి మాత్రం ఒక్కసారీ నోరు వచ్చేది కాదు."

"చేతులు పడిపోతున్నాయండీ. రెండు గంటలయింది."

"టీ తాగండి. ఆ పెట్టెలోది కొన్నా ఇదే రెండు గంటలు. ఇప్పుడు దిమ్మ అడుగు చూద్దాం. వెలుతురుకి పట్టండి. బ్లేడు బయటికొచ్చే నోటి ముందొకటి, ఆ చివర ఒకటి, ఆ రెండు చోట్లే చెక్కకి తగలాలి. మధ్యలో వెంట్రుకంత పల్లం."

"అయింది."

"సుత్తితో బ్లేడు తల మీద తట్టండి. తట్టమన్నాను, కొట్టమన్లేదు. ఆ, చాలు. ఈ హినోకి చెక్క ముక్క మీద మీ వైపుకి లాగండి. ఊపిరి బిగబట్టక్కర్లేదు."

"లాగుతున్నాను. అరె!"

"ఏమైంది మేష్టారూ?"

"మామ్మగారూ, పొర... ఈ చివర్నుంచి ఆ చివరికి. తెగలేదు. అవతల మీరు కనపడుతున్నారు."

"నేను కనపడితే ఏం గొప్ప. ఇంకొకటి లాగండి."

"ఈ చౌక చిత్రికతో?"

"దానికి తన ధర తెలీదు. మీరు చెప్పకండి."

"ఈ పొర చిహారుకి చూపిస్తాను. అన్నట్టు, ఆ గంపలో పొరలు ఎవరివి? ముక్కలు ముక్కలుగా, అట్టముక్కల్లా ఉన్నాయి."

"నిన్న ఒకాయన పట్టినవి. మీ దానిలాంటి చిత్రికతోనే. ఇంట్లో వాళ్ళ నాన్నది ఉందిట, తుప్పు పట్టిపోయింది."

"పాపం. నాకంటే అన్యాయం. ఏం పని చేస్తాడు?"

"వడ్రంగి."

"వడ్రంగా? వడ్రంగికి చిత్రిక రాకపోవడమేమిటండీ, సిగ్గుచేటు."

"ముప్పై ఏళ్ళుగా అంతా కరెంటు మిషనే. చెయ్యి మర్చిపోయింది. రేపు మళ్ళీ వస్తాడు నేర్చుకోవడానికి."

"ఈ వయసులో, ఎందుకట?"

"పేరు చెప్పనని మాటిచ్చాను, చెప్పను. మనవరాలి బల్లట మేష్టారూ. రెండో వైపు పట్టే వియ్యంకుడు చేత్తో పట్టడంలో మొనగాడట, ఆయన ముందు పరువు పోతుందని ఆ పెద్దమనిషికి నిద్ర లేదు."