నీడ పడినంత మేర

కాకి కూడా రావడం లేదు మామా! పొద్దున్నుంచి కా కా అని పిలిచి పిలిచి నా గొంతు ఎండిపాయ. పోయిన పెద్దల అమావాస్యకు ఇంత సంగటి ముద్ద పెట్టీ పెట్టకముందే పది కాకులు దిగలేదా? ఈ పొద్దు ఒక్కటంటే ఒక్కటి రాలే. యాడ వస్తాయిలే! గూడు పెట్టుకునేకి చెట్టుంటే కదా.

ఓలిగలు చేసినా. నీకిష్టమని ఊరిబిండి పచ్చడి నూరినా. తింటే తిను, లేకుంటే మానుకో.

అసలు తప్పంతా నీదే. ఊ, నీదే! భాగాల పొద్దు జయరాముడు పెద్దాయన చావిట్లో కూచోబెట్టి ఏమడిగె నిన్ను? "గంగాధరప్పా, నీకు చేన్లో సగం కావల్నా, చింతచెట్టు కావల్నా" అనె. నువ్వేమంటివి? పండ్లన్నీ బయటపెట్టి నవ్వుకుంటా, "మా అన్నకు ఇద్దరు కొడుకులు, చేను ఆయనకే ఉండనీ. నాకు ఆ నీడ చాలు" అంటివి. ఎంత పెద్ద మనసప్పా! నేను నీ ఎనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంటి.

సరే, నేల ఒకరిది చెట్టు ఒకరిది అయ్యేది మన ఊర్లో కొత్తేం కాదులే. పెనుకొండ బస్సు దిగి గుట్ట చుట్టుకొని నడిచి రావాల్సిన ఊరు మనది. ఈడ మాటే కాయితం. చెట్టు నిలబడినన్నాళ్ళు, మిట్టమధ్యాహ్నం నీడ పడినంత మేర చెట్టు గలోళ్ళది. ఆ మేరలో చేను గలోడు నాగలి పెట్టకూడదు. చెట్టు పోయిందా, నేల మళ్ళీ వానిదే. పెద్దోళ్ళు పెట్టిన కట్టుబాటు ఇది. అందుకే కదా నిన్ను ఈ నీడలోనే పూడ్చిపెడితిమి. ఆ పొద్దు మీ అన్న ఓబుళప్ప కూడా ఏడ్చినాడులే, నేను కాదనను.

నువ్వు పోయినంక మూడేండ్లు ఈ చెట్టే నన్నూ నీ బిడ్డ ఝాన్సీనీ సాకింది. కాయ రాలగొట్టి, పెచ్చు తీసి, గింజ కొట్టి హిందూపురం మార్కెట్టుకు మూట తీసకపోతే, సావుకార్లు నాది ముందు విప్పమంటాండ్రి. "చౌడక్క పండు వచ్చిందా?" అని అడుగుతాండ్రి. నా పేరు ఊరు దాటి పోయింది ఆ పండొక్కదానితోనే.

మరి మీ అన్న ఏం చేసినాడు? పోయిన ఉగాదికి ముందు ఒక బెంగళూరోణ్ణి కార్లో పిలుచుకొచ్చె. నేను ఈడే కాయలేరుకుంటాండా. వాడు చేను చూళ్ళే, చేన్లో రాళ్ళూ చూళ్ళే. చెట్టు చుట్టూ మూడు సార్లు తిరిగె. సగం తెలుగు, సగం కన్నడం. "ఈ చెట్టు కోసమే తీసుకుంటాండా, దీని కిందనే ఇల్లు కట్టుకుంటా" అనె. మీ అన్న పక్కనుంచి, "మా తాత నాటింది సార్, మాదే" అన్యాడు! నేనొక మనిషిని ఆడ కూచున్నట్టు కనపడలేదా వానికి?

వాడు నీ సమాధి చూసి ఇదేమని అడిగె. మీ అన్న ఏమన్యాడో తెలుసా? "అది తీసేస్తాంలే సార్, రెండు నిమిషాల పని" అన్యాడు.

నువ్వు రెండు నిమిషాల పనంట మామా! తోడబుట్టినోడు అన్న మాట అది.

అయినా సాయంత్రం ఇంటికి పోయి కొంగు పరిచి అడిగినా. "బావా, నీ చేను నువ్వు అమ్ముకో, ఎవురొద్దంటారు? చెట్టును వదిలిపెట్టు, దాని కింద పడుకున్నోణ్ణి వదిలిపెట్టు" అన్యా. ఆయప్ప మంచం మీద కాలు మీద కాలేసుకొని వక్కాకు నములుకుంటా, "చెట్టుకు పాసుబుక్కు ఉండాదా చౌడక్కా? ఉంటే చూపీ. నీదే అయితే పెరుక్కొని పో" అనె. లోపల్నుంచి కుళ్ళాయమ్మ నవ్వె. తోడికోడలని ఇరవై ఏండ్లు అక్కా అక్కా అని పిలిచినా ఆయమ్మను. ఆ నవ్వు ఇంగా నా చెవుల్లోనే ఉండాది.

సాక్ష్యానికి ఎవురుండారు చెప్పు? జయరాముడు పెద్దాయన కాలమైపాయ. నువ్వు ఈడ పడుకుంటివి.

ఇంగ వినుకో. ఉగాది దాటె. ఊర్లో చింతచెట్లన్నీ చిగురు పెట్టె. మనది మాత్రం పచ్చబడి ఆకు రాల్చె. చూస్తాండంగానే మోడై కూచునె. జనం వచ్చి చెట్టు మొదలు కాడ మెత్తిన పేడ గీకి చూస్తే బొక్కలు, గడ్డిమందు వాసన. మీ అన్న గట్టు మీదనే డబ్బా దొరికె. పోయిన వానకాలం ఆయప్ప చేనుకు కొట్టగా మిగిలిన మందది. చెట్టు పోతే నేల తనదవుతుందని వాడే చంపినాడని ఊరు ఊరంతా అనె. "నేనెందుకు చంపుతా, చెట్టును చూసే బేరం కుదిరింది" అని వాడు గొంతు చించుకునె. ఆ బేరం అన్నాళ్ళూ ఎవురికీ చెప్పకుండా దాచుకునింది తనే కదా? ఎవురు నమ్ముతారు!

నేను చౌడమ్మ గుడి ముందర జుట్టు విరబోసుకొని దోసిళ్ళతో మన్నెత్తి పోసినా. నా చెట్టుకు పట్టిన గతే వాని కొంపకు పట్టాలని అరిచినా. ఆడోళ్ళంతా నన్ను పట్టుకొని ఏడ్చిరి. పూజారి కర్పూరం వెలిగించి, "చేయకుంటే ఆర్పు ఓబుళప్పా" అనె. మీ అన్న అరచేత్తో టక్కున ఆర్పె.

తొమ్మిదో రోజు గోరంట్లకు పోతా పోతా మోపెడ్డు మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకునె!

ఇంగ చెప్పల్నా? దొంగ ప్రమాణం చేసినాడు, అమ్మ ఊరుకోలేదన్యారు. బెంగళూరోడు వచ్చి మోడును చూసి కారు దిగకుండానే తిరుక్కొని పాయ. పెద్దకొడుక్కు మడకశిరలో కుదిరిన సంబంధం తప్పిపాయ. కాసే చెట్టును చంపినోని ఇంటికి పిల్లనెవురిస్తారు? మీ అన్న ధర్మవరంలో కట్టు కట్టించుకొని వచ్చి మంచం మీద పడి ఉండాడు, పలకరించేకి ఒక్క మనిషి పోలే. కుళ్ళాయమ్మ బోరింగు కాడికి వస్తే ఆడోళ్ళు బిందెలెత్తుకొని పక్కకు జరుగుతాండారు. నవ్వమను ఇప్పుడు! నవ్వమను!

ఏంది, పలకవు? ఎవురు చేసిందో నీకు తెలుసు కదా. ఈ రాయి కిందనే ఉంటివి.

పట్టపగలే కొట్టినా మామా. నీ పక్కనే కూచొని, ఉలీ సుత్తీ కొంగు కింద పెట్టుకొని. నా చెట్టు కింద నేను కూచుంటే ఎవురికి అనుమానం? గట్టెమ్మడి పోయేటోళ్ళు "ఏం చౌడక్కా, కాయ బాగుండాదా?" అని పలకరించి పోయిరి. బాగుండాదప్పా అన్యా. ఏడు బొక్కలు కొట్టినా. మీ అన్న కొట్టంలోని డబ్బానే తెచ్చి పోసినా, పైన పేడ మెత్తినా, డబ్బా వాని గట్టు మీదనే పారేసినా. దెబ్బదెబ్బకూ తప్పయిపాయ తల్లీ, తప్పయిపాయ తల్లీ అనుకుంటనే కొట్టినా. ఆపలే. పెరుక్కొని పొమ్మన్యాడు కదా? పెరుక్కున్యా.

గుడి కాడ కర్పూరం నా ముందర ఎవురూ పెట్టలే తెలుసా! మొగుడూ పాయ, చెట్టూ పాయ, ఈమెనేం అడుగుతాంలే అనుకున్యారు. నిజం చెప్పినోని కాలిరిగె. మన్నెత్తి పోసిన నాకు కాల్లో ముల్లు కూడా గుచ్చుకోలే. ఆ యమ్మకు కండ్లుండాయా అని అడుగుతాండా నిన్ను.

ఝాన్సీ హిందూపురం గార్మెంట్సులో చేరింది. మొన్న, "అమ్మా, వచ్చే ఏడు కాయెట్లా మనకు?" అనె. ఏం చెప్పల్ల దానికి? నీ ఊరిబిండిలోకి పులుపు అంగట్లో కొనుక్కొచ్చినా. చౌడక్క చింతపండు కొనింది! సిగ్గుతో చచ్చిపోయినా ఆ అంగడి ముందర. తిని చూడు, పులుపే లేదు ముదనష్టపుది.

కర్పూరం తెచ్చినా. ఇదో, వెలిగించినా. నీ ముందరైనా ఒకసారి చేయి పెట్టి చూద్దామనుకున్యా. వద్దులే. చేసినోళ్ళు ఆర్పకూడదు కదా. అదే కాలి అదే పోనీ.

ఇంగ నీడ లేదు. నీడ లేకుంటే మేర లేదు. కాలు కూడుకున్నంక మీ అన్న ఈడికి నాగలి తెస్తాడు, వద్దనేకి నాకు నోరు లేదు. నీ మీదనే దున్నుకుంటా పోతాడు. ఉలి పట్టుకున్నప్పుడే ఇది నాకు తెలుసు. తెలిసే కొట్టినా.

ఎండ తగుల్తాందా మామా? ఓర్చుకో. నీడ చాలంటివి. ఆ నీడ నీకూ లేకుండా చేసినా, వానికి దక్కనీలే.