బాకా సెట్టింగుల ఫైలు

ఆఫీసు ఎదుట టీ బడ్డీ దగ్గర, నాలుగు కొట్టేసరికల్లా బాకా గొంతు సవరించుకున్నాడు. ఆ పేరు పెట్టింది తోటి ప్రోగ్రామర్లే. ఇవాళ మేనేజరు కూడా వచ్చి కూచున్నాడు. కొత్త టీముకి లీడరు కావాలి మరి.

"ముందు చిన్నగానే మొదలెట్టాను సార్. పొడుగాటి కమాండుకి పొట్టి పేరు పెట్టి నా సెట్టింగుల ఫైల్లో రాసుకున్నా, కమాండులు కొట్టే నల్ల తెర తెరవగానే అది ఆ ఫైలు చదువుకుంటుంది, ఇక ఒక్క అక్షరం కొడితే పూటంతా పట్టే పని చిటికెలో..."

"చిటికెలోనే?" అన్నాడు టెస్టరు.

బల్ల చివర కూర్చున్న సీనియరు ప్రోగ్రామరుకి, టీమంతా అక్కా అని పిలిచే ఆవిడకి, ఒళ్ళు మండిపోయింది. అది తన ఫైలు. ముక్కా ముక్కా కూర్చి తను రాసుకున్నది. 'ఒక్కసారి చూసిస్తానక్కా' అని తీసుకుని, మక్కీకి మక్కీ దించేసుకుని, ఇప్పుడు తనకి రావలసిన లీడరు కుర్చీ కూడా కొట్టేయబోతున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? లాప్‌టాప్ మేడ మీంచి పడి ముక్కలైంది. కొత్తది తెచ్చి ఒక్క లైను కొట్టానో లేదో, పాత సరంజామా అంతా పిలిచినట్టు వచ్చి కూచుంది. ఇప్పుడైతే కొట్టక్కర్లేదు సార్, మనసులో అనుకుంటే చాలు, మూతేసి సంచీలో పెట్టినా లోపల పని జరిగిపోతూనే ఉంటుంది. మొన్న కరెంటు పోతే ఊళ్ళో సర్వర్లన్నీ పడుకున్నాయి, నాది మాత్రం నా మీద భయంతో నడిచింది!"

"సర్వరుకి భయమేంట్రా?" టెస్టరుకి పొలమారింది.

"సరే, భక్తి అనుకో!"

మేనేజరు మాత్రం నవ్వలేదు. "బావుందయ్యా. ఈ ఫైలే టీమందరికీ ఇద్దాం. నువ్వే ముందుండి నడిపించు."

అక్క గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టింది. "ఏదీ, ఇక్కడే తెరిచి చూపించు."

"ఇప్పుడా అక్కా? టీ చల్లారిపోతుంది..."

"తెరవమన్నానా!"

నాలుగు దాటాక అతను ఏనాడూ లాప్‌టాప్ మూత ఎత్తిన పాపాన పోలేదు. ఇవాళ సంచీలోంచి తీసి ఎత్తక తప్పలేదు. నాలుగు దాటితేనే కనపడేలా అక్క ఫైలు చివర రాసుకున్న మాటలు నల్ల తెర మీద పడ్డాయి: 'అమ్మకి ఫోన్ చేసి కంటి చుక్కల సంగతి గుర్తుచెయ్యి.'

బాకా తడుముకోలేదు. "చూశారా సార్, మా అమ్మంటే నాకు ప్రాణం. అందుకే ఫైల్లోనే రాసుకున్నా."

"రాసుకున్నావా? సిగ్గు లేకపోతే సరి! ఎత్తుకుపోయిన ఫైలు ఒక్కసారన్నా చివరిదాకా చదివావా? కింది లైను చూడు. సార్‌కి వినపడేలా చదువు!"

అతను మూత దించబోయాడు. మేనేజరే వంగి చదివాడు: "మా ఆయన చొక్కాలు ఇస్త్రీ నుంచి తేవాలి."

"మా అమ్మని మీ అమ్మని చేసేశావు, సరే," అంది అక్క. "మరి మా ఆయన్ని ఏం చేసుకుంటావు నాయనా?"