నడిమి గదికి సముద్రపు కొయ్య

పుంగనూరు దగ్గర ఒక ఊరు. 2005 అక్టోబరు, ఇరవై రోజులుగా వదలని ముసురు. మధ్యాహ్నం ఒకటిన్నర. మూసుకుపోయిన నడిమి గది తలుపుకు లోపల పాపన్న, బయట ఆయన భార్య మునిలక్ష్మి, అప్పుడే తడుస్తూ వచ్చిన వడ్రంగి చెంగయ్య.

"...ఒచ్చినాడా లేదా ఆ చెంగయ్య? మునిలక్ష్మీ! నిన్నే అడిగేది!"

"ఒచ్చినాడబ్బా, ఒచ్చినాడు. కాళ్ళు కడుక్కుంటాండాడు."

"ఇది కాళ్ళు కడుక్కునే టైమా! చెంగయ్యా, బిన్నా రాప్పా. అన్నం తిని రొంతసేపు ఒరిగినా. లేసి సూస్తే ఈ తలుపు రాలేదు. లాగి లాగి నా బుజాలు పడిపోతాండాయి. మూడు గంటల్లోపల పాల సొసైటీ ఆఫీసులో ప్రెసిడెంటుకు నామినేషన్ ఇయ్యల్ల. మూడు దాటి ఒక్క నిమిషమైనా ఆ ఎలక్షన్ ఆఫీసరు దేవుడొచ్చినా తీసుకోడంట."

"ఇంగా గంటన్నర ఉండాది గదా పాపన్నా. ఒక తలుపెంత పని! జరుగమ్మా, ఏదీ సూస్తాను... అమ్మా, ఇదేంది?"

"ఏందని నన్నడుగుతావేంది చెంగయ్యా? ఉబ్బింది. వానకు కొయ్య ఉబ్బింది."

"అది గాదమ్మా..."

"ఉబ్బింది చెంగయ్యా."

"ఏమైందప్పా? ఏం గుసగుసలాడతాండారు ఆడ?"

"ఏం ల్యా పాపన్నా. ఉబ్బింది. శానా ఉబ్బింది."

"సూడు, నీ నోటితోనే ఒప్పుకుంటివి! రేపు పుంగనూరు సంతలో నిలబడి చెప్తా, చెంగయ్య చేసిన తలుపు ఇట్ల అఘోరించిందని."

"చెప్పుకో. అట్లనే కొయ్య ఎవరు తెచ్చినారో గూడా చెప్పు. చెయ్యి నాది పాపన్నా, కొయ్య నీది. నీ ఇంటికనే కుప్పం పక్కనించి వేపదుంగలు తెప్పించి, కోసి, మూడేండ్లు నీడన ఆరబెట్టి పెట్టినా. నువ్వేమంటివి? వేప పుల్లలతో పండ్లు తోముకునే దానికి గానీ తలుపులకా అంటివి. నలుగురి ముందర అంటివి."

"మద్రాసులో మా బామ్మర్ది ఇల్లు సూడకముందు నేనూ వేపనే అనుకున్న్యా. ఆ ఇంట్లో తలుపు చుట్టూ, కిటికీ చుట్టూ, గోడకు పైకప్పుకు నడాన గూడా కొయ్యతో చెక్కుడు పట్టీలు, మౌల్డింగు! సముద్రం కూతవేటు దూరం. గాలంతా ఉప్పు, తేమ. ఆ తేమకే కదలని కొయ్య మన ఊర్లో కదుల్తాదా? అందుకే మదనపల్లె డిపోలో పట్టుబట్టి అదే కొయ్య తెప్పిస్తి. పరదేశం కొయ్య!"

"ఆ డిపో ఆయన గూడా చెప్పె గదా, ఇది మీ పక్క ఎండకు తగదు పెద్దాయనా అని."

"వాడు అమ్ముకునేవాడు, వానికేం తెలుసు!"

"అమ్ముకునేవాడే వద్దన్న్యాడంటే ఇనుకోవల్ల పాపన్నా. మద్రాసులో ఏడాది పొడుగునా తేమే. కొయ్య ఒకసారి ఉబ్బి, ఆడనే కుదురుకుంటాది. ఈడ నాలుగేండ్లు చుక్క వాన ల్యా. నీ కొయ్య ఎండి ఎండి ముడుచుకునె. తలుపుకూ ద్వారబంధానికీ నడాన వేలు పట్టే సందు పడె. అప్పుడు నువ్వేం జేస్తివి?"

"పుట్టీ పెట్టిస్తి. గాలి రాకుండా, బల్లి దూరకుండా."

"ఆ సందు దానికి కావల్ల అని నేను మొత్తుకుంటి. రేపు వానొస్తే కొయ్య యాడికి పోవల్ల పాపన్నా అంటే..."

"వానొస్తే సూస్తాంలే అంటి. నాలుగేండ్లు రాని వాన ఒస్తాదని ఎవరనుకునిరప్పా?"

"అంటే తేమకు తట్టుకునే కొయ్య కావల్లని మద్రాసు దాకా పోయినోడివి, తేమ ఒస్తాదని మాత్రం అనుకోలా."

"మునిలక్ష్మీ! నువ్వు నవ్వుతాండావా?"

"నేనెందుకు నవ్వుతానబ్బా! తుమ్ము ఒచ్చింది."

"చెంగయ్యా, మాటలాపి పని సూడు. రొంత చిత్రిక పట్టి గీరెయ్."

"మూసుండే తలుపుకు చిత్రిక యాడ పడ్తాదప్పా? ఉలి పెట్టి ఈ పక్క మౌల్డింగు లేపేస్తే, సందు దొరికి..."

"ఆగాగు! ఏ పక్క? గవ్వలు చెక్కిన పక్కనా, శంఖాలు చెక్కిన పక్కనా?"

"గవ్వల పక్క."

"దానికి మాత్రం ఉలి తగిలిచ్చొద్దు! మా బామ్మర్ది ఇంట్లో గూడా అట్లాంటి గవ్వలు ల్యావు. అవి సూసేదానికి బైరెడ్డిపల్లెనించి గూడా ఒచ్చినారు జనం."

"ఒచ్చినోళ్ళు ఇవి సెనక్కాయలా పాపన్నా అని అడిగిరి. మన ఊర్లల్లో గవ్వలెవరు సూసినారు? సరే, శంఖాల పక్క లేపుతా."

"అది ఇంగా వద్దు. శంఖం పగిలితే ఇంటికి మంచిది గాదు."

"అట్లయితే నువ్వు లోపలుండు, శంఖాలు బయటుంటాయి."

"ఎగతాళా? నా సెల్లు యాడ పెట్టితి? ఎవరికైనా ఫోన్ చేస్తా."

"పడసాల్లో ఉండాదబ్బా. మోగి మోగి నిలిచిపోయింది."

"తలుపు కింద సందులోనించి తోసెయ్యి."

"యాడుంది సందు? పుట్టీ పెట్టిస్తివి గదా."

"అయ్యో నా ఖర్మ! మునిలక్ష్మీ, అల్మారాలో నా ఫారం ఉండాది. దాన్ని తీసుకునిపోయి ఇచ్చెయ్యరాదా?"

"మనిషే పోయి ఆఫీసరు ముందర సంతకం పెట్టల్లని పొద్దున నువ్వే చెప్తివి గదబ్బా. అయినా గడ్డపార ఉంటే పని అయిపోతాదేమో. ఏం చెంగయ్యా?"

"గడ్డపారనా? ఆ... గడ్డపార ఉంటే అయిపోతాదమ్మా."

"మన గడ్డపార యాడ?"

"పోయిన ఎలక్షన్లో షామియానా గుంటలకని ఇస్తివి. మళ్ళ ఇంటికి రాలా. సొసైటీ పక్కన వసంతమ్మ ఇంట్లో ఉండాది. పోయి తెస్తాను."

"బిన్నా రా. నేను లోపల ఇరుక్కున్న్యానని ఎవరికీ చెప్పొద్దు, రెండుసార్లు నన్ను ఓడించిన ఆ గంగులయ్య మనుషులు ఊరంతా దండోరా ఏస్తారు. పోతా పోతా ఆఫీసరుకు ఒక మాట చెప్పు. ఈ ఇంటినించి నామినేషన్ ఒస్తాండాది, అంతలోపల ఆఫీసు మూసెయ్యొద్దని."

"చెప్తానబ్బా. ఈ ఇంటినించి ఒస్తాదనే చెప్తాను."

"గొడుగు తీసుకో!"

"తీసుకున్న్యా."

"...పోయిందా చెంగయ్యా?"

"పోయింది పాపన్నా. బో బిరబిరా పోతాండాది."

"నాకోసరం ఎంత ఆత్రమో సూడు. రెండుసార్లు ఓడిపోయినా ఒక్క మాట అనలా ఆయమ్మ."

"ఆవుల్ని అమ్మినప్పుడు గూడానా?"

"అప్పుడు రెండు దినాలు మాట్లాడలా. అనడం వేరు, మాట్లాడకపోవడం వేరు."

"ఆరు ఆవులుండె ఈ ఇంట్లో. మొదటి ఎలక్షన్‌కు రెండు పోయె. రెండో ఎలక్షన్‌కు రెండు పోయె."

"బిర్యానీ పెట్టకుంటే ఓటేస్తారా ఈ కాలంలో? తిన్న్యారు, మూతి తుడుసుకున్న్యారు, గంగులయ్యకు ఏసినారు. ఈసారి అట్ల గాదు. ఇంటింటికీ స్టీలు క్యాను ఇస్తాను. రేపు పొద్దున మదనపల్లెనించి యాపారి ఒస్తాడు, ఉండే రెండు ఆవుల్నీ తోలకపోతాడు. మాట అయిపోయింది."

"రెండూనా?"

"రెండూ."

"పాల సొసైటీ ప్రెసిడెంటు ఇంట్లో ఆవే ల్యాకుంటే ఎట్లప్పా?"

"ప్రెసిడెంటుకు ఆవెందుకు? పాలు పోసేవాడు పోస్తాడు. కుర్చీలో కూసున్నోని ఇంటికి పాలు అవే ఒస్తాయి."

"అమ్మకు చెప్పినావా ఈ మాట?"

"ఎందుకు చెప్పల్ల? చెప్తే ఇంట్లో ఏడుపు. ఆ కర్రావు ఆయమ్మ పుట్టింటినించి దూడగా ఒచ్చింది. తోలకపోయినాంక చెప్తే రెండు దినాల్లో సర్దుకుంటాది. నిన్న రాత్రి ఫోన్లో యాపారికి మెల్లగానే చెప్పినా."

"మెల్లగా చెప్తే సెవులకు ఇంగా బాగా ఇనపడతాది పాపన్నా. పొద్దున నాలుక్కు లేసి పేడ ఎత్తి, పాలు పిండి, ఈ ముసుర్లో క్యాను మోసేది ఆయమ్మ. ఆ రెండు ఆవులు గూడా పోతే ఆయమ్మ చేతికి ఏం మిగుల్తాది?"

"నీకెందుకప్పా ఆ బాధ? నేను ఆయమ్మకేం తక్కువ చేస్తి? సొసైటీలో మెంబరుగా గూడా చేర్పిస్తి, ఇంట్లో రెండు ఓట్లుంటాయని. ఏందప్పా, నీ పక్కనించి సప్పుడే ల్యా? పని చేస్తాండావా లేదా?"

"చేస్తాండాను. నీ కొయ్య సప్పుడు మింగతాది."

"నీ గడియారంలో ఎంత టైము?"

"రెండూ ఇరవై."

"గడ్డపారకు పోయిన మనిషి ఇంగా రాలా! వసంతమ్మతో కూసోని ముచ్చట్లు పెట్టిందేమో. ఆడోళ్ళకు పని చెప్తే ఇంతే. చెంగయ్యా, ఆ గంగులయ్య ఇంట్లో తలుపులు గూడా ఇట్లనే పట్టేసుకున్న్యాయా ఈ వానకు?"

"ల్యా. చిటికెనవేలితో తోస్తే పోతాయి."

"అది ఏం కొయ్య?"

"నీకని మూడేండ్లు ఆరబెట్టిన వేప పాపన్నా. నువ్వొద్దంటే ఆయన తీసుకునె."

"ఓరి నీ! ఆ మాట నాకెందుకు చెప్పలా?"

"చెప్తే నీ గవ్వలు రాలిపోతాయని."

"రెండూ ముప్పావు అయిపాయె. నా గడియారం ముందుకు పోతాండాదేమో. నీదెంత?"

"నాది రొంత వెనక. అయినా అదే."

"ఇంగ కాదు చెంగయ్యా. పగలగొట్టు! గవ్వలు పోతే పోనీ, శంఖాలు పోతే పోనీ. ఏ పక్కైనా సరే!"

"సుత్తితో పగిలే కొయ్యా ఇది? ఏనుగు గుద్దినా కదలదని గృహప్రవేశం నాడు అందరికీ చెప్తివి. ఒచ్చినోళ్ళను పిలిచి కాలితో తన్ని సూడమని గూడా అంటివి."

"కిటికీ కమ్మీలు కోసెయ్!"

"ఇనుము కోసే రంపం కుప్పంలో పనికాడ పెట్టొచ్చినా."

"నీ కాళ్ళు పట్టుకుంటానప్పా. నా చేతికి అందవు గానీ పట్టుకున్నట్లే అనుకో. ఈ ఒక్కసారి గెలిస్తే సాలు. రెండుసార్లు ఓడినోనికి ఊర్లో టీ అంగట్లో బెంచీ గూడా జరపరు. ప్రెసిడెంటనిపించుకోకుండా సస్తానేమోనని నాకు నిద్ర పట్టదు చెంగయ్యా."

"పాపన్నా..."

"తప్పు నాదే. వేప పెట్టించుకోవల్సింది. నీ మాట ఇనల్సింది. సాలునా?"

"రొంత గట్టిగా చెప్పు."

"తప్పు నాదే! నీ వేపే మేలు!"

"మూడేండ్లకు ఈ పొద్దు నా మనసు సల్లబడింది పాపన్నా. నీ మీద నాకిప్పుడు కోపం ల్యా. జాలి మాత్రం ఉండాది."

"అయితే తెరువు మరి!"

"అది మాత్రం నా చేతిలో ల్యా."

"ఇంగెవరి చేతిలో ఉండాది? వడ్రంగివి నువ్వా, నేనా? ...అయిపాయె. మూడు. చెంగయ్యా, మూడైపాయె. ఇంగ తలుపు ఈ పొద్దు తీసినా, ఉగాదికి తీసినా ఒకటే."

"ఎవరో ఒస్తాండారు పాపన్నా. అమ్మే."

"మునిలక్ష్మీ! ఒచ్చినావా? యాడ గడ్డపార?"

"తేలేదబ్బా."

"తేలేదా! మరి గంట పైన యాడ పొయినావు నువ్వు?"

"సొసైటీలో శానా మంది ఉండారు. వసంతమ్మ బలపరిచె, ఆఫీసరు ముందర నేను సంతకం పెడితి, నా నామినేషన్ తీసుకునిరి. చెంగయ్యా, ఇంగ ఆ గొళ్ళెం తీయప్పా, పాలు పిండే టైమైంది."