ప్రయాణ ప్రార్థనలో రెండో పేరు

నిన్న శుక్రవారం సాయంత్రం ఆరూ నలభైకి చేశాను ఆ ప్రార్థన, అయ్యగారూ. మే ఎనిమిదో తారీఖు. వాన వెలిసి కరెంటు అప్పుడే వచ్చింది. ఇంత కచ్చితంగా చెబుతున్నదాన్ని, మతిమరుపు వచ్చిందని మా తమ్ముడి స్నేహితుడు ఆ ఫల్గుణ మీకు ఫోన్ చేసి చెప్పేశాడా? "కృపావతప్పకి వయసైపోయింది, ఏమీ అనుకోకండి" అన్నాడా? అనే ఉంటాడు. మంచివాడే. నన్ను కాపాడాననుకున్నాడు.

వద్దండీ, టీ వద్దు. ఈ బల్ల మీదే కూర్చుంటాను. కిందైతే మోకాళ్ళు మళ్ళీ లేవనివ్వవు.

మీరు సాలూరు మీటింగులకి వెళ్ళారు కదా. ఊళ్ళో ఉండుంటే ఆ ప్రార్థన మీరే చేసేవారు. నా దాకా వచ్చేదే కాదు.

మా తమ్ముడు రవిబాబు, వాడి భార్య సింగపూర్ వెళ్తున్నారని తెలుసు కదా మీకు. వాడు పనిచేసే బడికి సెలవులు, ఆరు రోజుల ప్రయాణం. రవిబాబు హాస్టల్ స్నేహితులు ఐదుగురూ పెళ్ళాలతో వచ్చారు సాగనంపడానికి. మాస్టార్లు ఇద్దరు, కాఫీ తోటలవాళ్ళు ముగ్గురు. చిన్నప్పుడు ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళు. మా గేటుకి ఫ్లెక్సీ కట్టారండీ, నమ్ముతారా? పెళ్ళికి కట్టినట్టు. "సింగపూర్ విహారయాత్రకు బయలుదేరుతున్న మా మిత్ర దంపతులకు శుభాకాంక్షలు." ఇద్దరి ఫోటోలు. కింద ఇద్దరి పేర్లు, నా అరచెయ్యంత అక్షరాల్లో.

కేకు కూడా తెచ్చారు, క్రీముతో విమానం బొమ్మ వేయించి. వానకి తోక కరిగిపోయింది.

నవ్వులే నవ్వులు. వాళ్ళలో సన్యాసిరావు అంటాడూ, "ఏట్రా రవీ, అక్కడ రోడ్డు మీద ఉమ్మేత్తే పోలీసోళ్ళు అట్టుకుపోతారంట. నీ కిళ్ళీ పొట్లాలు మాకిచ్చేసెళ్ళు." ఫల్గుణ భార్య పైడితల్లి ఉసిరికాయ పచ్చడి సీసా తెచ్చింది. "ఆ దేశంలో అన్నీ సప్పగా ఉడకేసినవేనంట వొదినా, బేగి సంచిలో పెట్టుకో." రవిబాబు సిగ్గుపడి నవ్వుతున్నాడు, యాభై రెండేళ్ళవాడు.

అప్పుడు ఫల్గుణ ఆ అమ్మాయితో, రవిబాబు భార్యతో, అన్నాడు కదా, "సెల్లెమ్మా, ఈడి సెయ్యి వదలకు. సంతలో తప్పిపోనాడంటే గుంటడినాగ ఏడుత్తాడు."

అందరూ నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది.

నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ మాట నేను ముందే విన్నాను అయ్యగారూ. అదే వరండా, అదే ఫల్గుణ. ఎనిమిదేళ్ళ కిందట, ఏప్రిల్ ఇరవై రెండు, ఆదివారం. అప్పుడు ఆ మాట అన్నది స్వర్ణతో.

మీరొచ్చి ఏడాదే కదా, స్వర్ణని చూడలేదు. రవిబాబు మొదటి భార్య. పద్దెనిమిదేళ్ళు మా ఇంట్లో ఉంది. పిల్లలు లేరు. నాకు మరదలంటే మరదలు కాదు, ఏమని చెప్పను. సండే స్కూల్లో నాతో పాటు పిల్లలకి పాటలు నేర్పేది. రవిబాబూ తనూ సింగపూరే వెళ్దామనుకున్నారు అప్పుడు. అందరూ వచ్చి అవే నవ్వులు, అవే మాటలు. ఈ సన్యాసిరావు ఈ ఉమ్మే మాట కూడా అప్పుడే అన్నాడు. స్వర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పాస్‌పోర్టు ఇంకా రానే లేదు, సాగనంపడం మాత్రం అయిపోయింది.

మలేరియా తలకెక్కింది. మూడు రోజులు. అంతే.

తను పోయిన పదకొండో రోజున పాస్‌పోర్టు పోస్టులో వచ్చింది. నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. నా పెట్టెలో ఉంది. అన్ని పేజీలూ ఖాళీ.

అది సరే. ప్రార్థన సంగతి కదా అడిగారు.

ఆ ప్రయాణానికని అప్పట్లో నేనొక ప్రార్థన కూర్చుకున్నానండీ. బయలుదేరే రోజు చేద్దామని, నా బైబిల్ చివర అట్ట లోపల రాసుకున్నాను. "తండ్రీ, నేల మీద నడిచే మమ్మల్ని చూసినట్టే మబ్బుల మీద వెళ్ళే వీళ్ళనీ చూడు. నీ కుమారుడు రవిబాబునీ, నీ కుమార్తె స్వర్ణనీ వెళ్ళినంత క్షేమంగా తిరిగి మా గుమ్మంలోకి తీసుకురా." ఇంకా ఉంది. చెయ్యాల్సిన రోజు రాలేదు.

నిన్న కేకు కొయ్యబోతూ రవిబాబు అన్నాడు, "ముందు అప్ప ప్రార్థన చెయ్యాలి." అందరూ తలలు వంచారు. ఆడవాళ్ళు ముసుగులు వేసుకున్నారు. నేను కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను.

ఇంకోటి చెప్పాలి మీకు. మా తమ్ముడు ఈ అమ్మాయిని చేసుకుని మూడేళ్ళు. సాలూరు పిల్ల. మన సంఘంలోకి వచ్చి బాప్తిస్మం తీసుకుంది. ఒక్క మాట తూలి ఎరగదు. ఈ మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. "అమ్మాయ్" అంటాను. "ఇదిగో" అంటాను. ఎవరైనా అడిగితే "మా రవిబాబు భార్య" అంటాను. ఎవరికీ అనుమానం రాలేదు. ఇంట్లో పేరు లేకుండా ఎన్నాళ్ళైనా గడిపేయొచ్చండీ. ప్రార్థనలో కుదరదు. అక్కడ పేరు పెట్టి అడగాలి.

మబ్బుల మాట దగ్గర "ఆమెన్" అన్నారు అందరూ. "నీ కుమారుడు రవిబాబునీ" అన్నాను. "ఆమెన్" అన్నారు. అక్కడ ఒక ఊపిరి తీసుకున్నాను.

ఆ ఊపిరి గురించే వచ్చాను నేను.

"నీ కుమార్తె స్వర్ణనీ" అన్నాను.

ఎవరూ ఆమెన్ అనలేదు. చూరు నీళ్ళు పడుతున్న చప్పుడు. కళ్ళు తెరవకపోయినా తెలిసిపోయింది, అందరూ తెరిచి చూసుకుంటున్నారని.

ఆ అమ్మాయి కొత్తది కదా, ఆమెన్ ఎప్పుడూ ఒక్క క్షణం వెనకగా అంటుంది. అందరూ అన్నాక చూసుకుని అంటుంది. నిన్న అనేవాళ్ళు లేరు. అయినా అంది. తను ఒక్కతే. "ఆమెన్."

గట్టిగానే అంది.

ఎవరికో దగ్గొచ్చింది. ఫల్గుణ లేచి, "అప్ప అలిసిపోనాది. పొద్దున్నించి వంటే కదా. పెద్దమ్మకీ ఇంతే, వొంశంలోనే ఉన్న మతిమరుపు ఇది. కేకు కొయ్యండెహె" అన్నాడు. పెద్దమ్మంటే మా అమ్మ, చిట్టెమ్మ. ఎనభై రెండేళ్ళు. ఈ అమ్మాయిని స్వర్ణ అనే పిలుస్తుంది. మూడేళ్ళుగా ఆ అమ్మాయి పలుకుతూనే ఉంది. అమ్మది జబ్బు కదా, ఎవరూ ఏమీ అనుకోరు.

నేనూ తలాడించాను. "ఔను, మరిచిపోయాను" అన్నాను. కేకు ముక్క ఇచ్చారు. తిన్నాను.

మరిచిపోవడమా! మా ఇంట్లో ఎవరు ఏ నక్షత్రాన పుట్టారో, ఎవరు ఏ జ్వరంతో పోయారో, తాత పోడు కొట్టిన కొండ ఏదో, అందరూ నన్నే అడుగుతారు. నేను మరిచిపోతానా? పేరు గేటు మీద అరచెయ్యంత అక్షరాల్లో ఉంది. కళ్ళు మూసుకున్నా కనబడింది. ఆ ఊపిరి మధ్యలో రెండు పేర్లూ నాలుక మీదే ఉన్నాయి అయ్యగారూ. చూసుకునే ఒకటి తీశాను. వీళ్ళందరూ స్వర్ణ నవ్వునీ, స్వర్ణ వీడ్కోలునీ ఇంకొకరికి ఇచ్చేసి, ఇచ్చినట్టు కూడా ఎరగరు. ప్రార్థన ఒక్కటైనా ఇవ్వనని తీశాను.

ఏడుపు రాలేదు. అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రావడం లేదు. ఏమీ లేదు లోపల.

కానీ విమానం ఇవాళ రాత్రి పదకొండుకి. నేను కాపాడమన్న మనిషికి ఏ కాపుదలా అక్కర్లేదు. ఎక్కే మనిషి కోసం అడగనే లేదు నేను. అదీ సంగతి. రేపటి ఆరాధన దాకా ఆగకుండా మీరు ఇప్పుడే ఒకసారి చెయ్యండి.

నేను చెయ్యొచ్చు కదా అంటారా? పొద్దున్న చెయ్యబోయానండీ.

నాలుగుకే లేచి ఆ అమ్మాయి ఉప్మా చేసి పొట్లాలు కట్టింది. అమ్మ మందులు ఏ పూటవి ఆ పూటకి విడిగా కట్టి పెట్టింది. కారు రాగానే నా ముందుకొచ్చి మోకరించింది. "వదినా, నిన్న సగంలో ఆగిపోయింది కదా" అంది. "తండ్రీ" అన్నాను, పేరు దగ్గర ఆగాను. తనే నా చెయ్యి తీసుకుని తల మీద పెట్టుకుంది. "చెయ్యి పెట్టండి చాలు. పేరు దేవుడికి తెలుసు" అంది. తల తడిగా ఉంది, అప్పుడే స్నానం చేసిన తల. చెయ్యి పెట్టాను. అంతే చేశాను.

లేచి ఈ చీటీ ఇచ్చింది, రేపు ఆదివారం ప్రార్థన పెట్టెలో వెయ్యమని. ఇదిగో, చదవండి. "రవిబాబు గారి కోసం, నా కోసం, ప్రయాణం గురించి. కృపావతి వదిన మోకాళ్ళ నొప్పి గురించి." పైన పేరు రాసుకుంది.

బయటికి చదవమంటారా? నన్నా?

భాను.

చెప్పాను కదా. ఏమీ కాలేదు. స్వర్ణ వచ్చి అడగలేదు. ఇంత చిన్న పేరు. చెయ్యండి అయ్యగారూ, నేను ఆమెన్ అంటాను.

ఆ తరవాతా? ఏముందండీ. ఆరూ పదికి కారు వెళ్ళింది. ఫ్లెక్సీ ఒక పక్క తాడు తెగి వేలాడుతుంటే మళ్ళీ కట్టాను. చోడి అంబలి కాచాను. అమ్మ లేచి రోజూలాగే మంచం మీంచి అడిగింది, "సొర్నేదే?"

రోజూ ఆ అమ్మాయే "ఇక్కడున్నానత్తా" అంటూ వెళ్ళేది. ఇవాళ నేనే ఉన్నాను.

"సింగపూర్ వెళ్ళిందమ్మా" అన్నాను.

"ఎప్పుడొస్తాది?"

"శుక్రవారం."

"బేగి వచ్చీమను" అంది అమ్మ. గిన్నె చేతికిచ్చాను. ఇద్దరం అంబలి తాగాం.