దీపం ఉంది, తమాలెలు లేవు

మెక్సికో కొండల్లో, స్పెయిన్ దొరలు కట్టిపోయిన సాన్ క్రిస్తోబల్ ఊళ్ళో, శనివారం సాయంత్రం గుమ్మానికి ఎర్రదీపం పెట్టారంటే ఆ ఇంట్లో తమాలెలు, అంటే కూర పెట్టి ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి ముద్దలు, అమ్ముతున్నారని అర్థం. చేతిలో పటంతో ఊరి తిండ్లు వెతుక్కుంటూ ఒంటరిగా తిరుగుతున్న మరిసెలా, ఓఫెలియా ఇంటి దీపం చూసి తలుపు కొట్టి తమాలెలు అడిగింది. ఓఫెలియా లేవంది.

"లేవని చెప్పాను కదమ్మా."

"మరి దీపం వెలుగుతోంది కదండీ?"

"వెలుగుతుంది. తమాలెలు మాత్రం లేవు. కాస్త గొంతు తగ్గించు."

"అప్పుడే అయిపోయాయా? ఇంకా చీకటైనా పడలేదు."

"అయిపోలేదు. చెయ్యలేదు."

"చెయ్యకుండా దీపమెందుకు పెట్టారండీ? పొద్దున్నుంచి కాళ్ళు పడిపోయేలా తిరుగుతున్నా. సంతలో మొక్కజొన్న జావ తాగాను, పై వీధిలో తీపి రొట్టె తిన్నాను. మీ అరటాకు తమాలె కోసం కడుపులో చోటు ఉంచుకుని మరీ వచ్చాను. ఇదిగో, పటంలో మీ ఇల్లే..."

"పటంలో ఉన్నట్టు మా బతుకులు నడవవమ్మా."

"ఈ ఇంటి పెద్దావిడ దోన్యా కాండెలారియా తమాలెలు చెయ్యడంలో చెయ్యి తిరిగిన మనిషని అందరూ అన్నారు."

"మా అత్తగారు. మంచం పట్టింది. లోపలే ఉంది, మెల్లగా మాట్లాడమన్నది అందుకే."

"అయ్యో. మరి మీకు రాదా?"

"లోపల పెట్టే కూర వండుతాను, ఆకు చుడతాను. పందికొవ్వు వేసి పిండి గిలక్కొట్టేది మా ఆయన. చిటికెడు తీసి నీళ్ళలో వేస్తే తేలాలి, అప్పటిదాకా వదిలేవాడు కాదు. ఆయన పోయాక ఆ పిండి తొట్టి ముట్టుకుంటే నాకు చేతులు ఆడటం లేదు."

"ఆ మాట మీ అత్తగారికి..."

"చెప్పలేదు. కొడుకు పోయిన మనిషికి, పొయ్యి కూడా ఆరిపోయిందని ఏ నోటితో చెప్పను? శనివారం వస్తే చాలు, దీపం పెట్టావా అంటుంది. పెడతాను. వచ్చినవాళ్ళకి చెవిలో చెప్పి పంపించేస్తాను. తలుపు చప్పుడు వింటే బేరం నడుస్తోందనుకుంటుంది."

"ఎన్నాళ్ళని ఇలా?"

"ఆవిడ ఉన్నన్నాళ్ళు. ఒక్క సాయం చేస్తావా? బాగున్నాయని గట్టిగా అనేసి పో."

"తినకుండానా?"

"నా కోసం కాదు, ఆవిడ కోసం."

"అబద్ధమాడటం నాకు చేతకాదండీ... సరే. దోన్యా కాండెలారియా గారూ, తమాలెలు ఎంత బాగున్నాయో! ఇంకో రెండు కట్టించుకుంటున్నా!"

"చాలు చాలు, అంత వద్దు."

"వినబడిందంటారా?"

"వినబడిందమ్మా. మంచం పట్టాను గానీ చెవులు పోలేదు. ముక్కూ పోలేదు."

"అత్తయ్యా, మీరు పడుకోండి, నేను..."

"అరటాకు ఉడికే వాసన ఈ ఇంట్లో ఎప్పుడో పోయింది, ఓఫెలియా. నాకు తెలీదనుకున్నావా?"

"తెలిసి కూడా... మరి వారం వారం దీపం పెట్టమని ఎందుకు అడుగుతారు?"

"వాడు పోయిన దగ్గర్నుంచీ నాతో నోరు విప్పి మాట్లాడిందెప్పుడే నువ్వు? లేవు పొమ్మనడానికైనా ఆ గుమ్మంలో నాలుగు మాటలు మాట్లాడతావు. అవి విని పడుకుంటాను."