దారం వదలకండి

ఏడుకొండలు గారి భార్య విజయకుమారి గారూ, కూతురు భార్గవీ, ఆయన సంస్మరణ సభ కోసం పనులు మానుకుని వట్లూరు దాకా వచ్చిన పెద్దలందరికీ నమస్కారం. నా పేరు నిస్సీ. ఏడుకొండలు గారి బెలూన్ల దుకాణం పైవాటాలో పెరిగాను. సభల్లో మాట్లాడటం నాకు అలవాటు లేదు. అయినా ఈ రోజు మాట్లాడాలి. మీకు నచ్చని మాట ఒకటి చెప్పాల్సి ఉంది.

బయట అరవై మూడు బెలూన్లు ఉన్నాయి. ఆయన బతికిన ఏడాదికొకటి. సుమంత్ గారు, తోటి డెకరేషన్ వాళ్లు ప్రేమతో నింపి తెచ్చారు. సభ చివర ఆకాశంలోకి వదలాలనుకున్నారు. వదలొద్దని అడగడానికే లేచాను.

ఆయన హీలియం తప్ప మరో గ్యాసు వాడలేదు. హైడ్రోజన్ చవకని, ఇంకా తేలికని ఎంతమంది చెప్పలేదు? ఆయన జవాబు ఒక్కటే. "కేకు మీద కొవ్వొత్తి ఉంటదండీ. దాని పక్కన మండే గ్యాసు పెడతామా?" హీలియం మండదు. ఆయన బెలూన్ల కింద పిల్లలు నిశ్చింతగా ఆడుకున్నారు.

మొదట్లో ఆయనా పొరపాటు పడ్డారు. తాడేపల్లిగూడెంలో ఒక బారసాల. పొద్దున్నే హడావిడి ఎందుకని ముందురోజు మధ్యాహ్నమే రెండు వందల బెలూన్లు నింపి కట్టారు. తెల్లారేసరికి అన్నీ నేల మీద దొర్లుతున్నాయి. హీలియం పరమాణువు ఎంత చిన్నదంటే, రబ్బరులోంచి కూడా మెల్లగా జారిపోతుంది. ఆ ఇంటి మామ్మగారు, "ఏవండీ, మా మనవడికంటే ముందు మీ బెలూన్లే పాకుతున్నాయే" అన్నారట. ఈ కథ ఆయనే చెప్పుకుని నవ్వేవారు. ఆ తర్వాత ఏ వేడుకకైనా గంట ముందు, అక్కడికక్కడే నింపారు.

కైకలూరు సంగతి మాత్రం నవ్వుతూ చెప్పలేదు. అక్కడ ఒక దుకాణం ప్రారంభానికి ఆయన బెలూన్లు వదిలారు. నాలుగో రోజు కొల్లేటి గట్టున ఒక గూడబాతు, అదే పెలికాన్ పక్షి, చచ్చి పడి ఉంది. కాళ్లకు బెలూన్ దారం. దగ్గరికి వెళ్లి చూసి, "ఈ ముడి నాదేనండీ" అన్నారు. ఎవరూ అడగలేదు. ఆయనే ఒప్పుకున్నారు.

ఆ రోజు నుంచి ఒక్క బెలూన్ కూడా వదల్లేదు. అంతేనా? ప్రతి వేడుక మర్నాడు మళ్లీ అక్కడికి వెళ్లి, నేలకు దిగిన బెలూన్లు, దారాలు ఏరుకొచ్చేవారు. "వదిలితే గ్యాసే పైకి పోయేది. రబ్బరూ దారమూ మన కొల్లేట్లోకే దిగుతాయండీ" అనేవారు.

పైకి పోయిన గ్యాసైనా మనకు దక్కుతుందా? దక్కదు. హీలియాన్ని భూమి పట్టి ఉంచలేదు. గాలిని దాటి వెళ్లిపోతుంది, తిరిగి రాదు. మొన్న ఆస్పత్రిలో ఆయనకు ఎమ్మారై తీశారు. ఆ యంత్రాన్ని చల్లగా ఉంచేది కూడా హీలియమేనని చెప్పాను. నీరసంలోనూ నవ్వారు. "అయితే లోపల మనోడే ఉన్నాడన్నమాట. భయం లేదమ్మా."

సుమంత్ గారూ, మీ ప్రేమను కాదనడం లేదు. ఆయన ముడి ఎలా ఉండేదో మీకు తెలుసు, మీరూ అదే వేస్తారు. ఆ ముడి మళ్లీ కొల్లేట్లో తేలకూడదు.

ఆ బెలూన్లు లోపలికి తెచ్చి, ఒక్కో దారం ఒక్కొక్కరు పట్టుకోండి. మొదటిది విజయకుమారి గారికి ఇవ్వండి. వెళ్లేటప్పుడు కుర్చీలకు కట్టండి. రేపటికి అవి నేలకు దిగుతాయి. పొద్దున ఏడింటికి భార్గవి, నేను వచ్చి ఏరుకుంటాం. ఆయన పని ఆగదు.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. రెండు నిమిషాలు మాటలొద్దు. దారం వదలకండి.