మలేసియా మేడలూ, ఒంగోలు గిత్తలూ

"నలభై మందిని ఒక గుంపుగా నడిపించడమంటే మాటలనుకున్నావా బాబాయ్? నేను నడిపించాను."

మొదట బుల్లయ్య అన్నది ఇంతే. అక్కడితో ఆగితే అందరూ నమ్మేవాళ్లే.

2004 వేసవి. పర్చూరు రోడ్డు మీద బుల్లయ్య పురుగుమందుల షాపు, దాన్నానుకుని సుభానీ టీ కొట్టు. కొట్టు ముందు బెంచీ మీద పక్కూరి మిరప రైతు యలమంద, పక్కన ఆయన భార్య వెంకటేశ్వరమ్మ. ఆవిడ ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో రెండు కొత్త పాస్‌పోర్టులు, ఒక కాయితం. ఎకరానికి ముప్ఫై రెండు క్వింటాళ్ల మిరపకాయ దింపినందుకు విత్తనాల కంపెనీ యలమందని మలేసియా టూరుకి ఎంపిక చేసింది. ఐదు రోజులు, నలభై మంది, ముందుండి తిప్పడానికి ఒక గైడు. ఆయన ఖర్చు కంపెనీది, భార్య వస్తే పద్దెనిమిది వేలు కట్టుకోవాలి. సంతకం పెట్టిన కాయితం పన్నెండింటికి వచ్చే కంపెనీ ఆఫీసరు చేతికివ్వాలి. ఇప్పుడు పదకొండు.

యలమందకి సంతకం పెట్టాలనీ లేదు, మానాలనీ లేదు. వెంకటేశ్వరమ్మకి మాత్రం వెళ్లాలని ఉంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ కొత్త చెప్పులు కొనుక్కుంది. పోయినేడు మందుల కంపెనీ డీలర్లని మలేసియా తీసుకెళ్లినప్పుడు బుల్లయ్య వెళ్లొచ్చాడు కాబట్టి, మొగుడూ పెళ్లాలిద్దరూ అతన్నడగడానికి వచ్చారు.

"నడిపిస్తే నడిపించావు గానీ, గుంపులో పోవడం మంచిదా, మనకి మనం పోవడం మంచిదా? అది చెప్పు," అన్నాడు యలమంద.

"అక్కడికే వస్తున్నా బాబాయ్. సుభానీ అన్నా, మూడు టీలు, పిన్నికి చక్కెర తక్కువ. మంచీ చెప్తాను, చెడ్డా చెప్తాను, తూకం నువ్వేసుకో. మంచేంటంటే, గుంపులో నువ్వు దేనికీ నోరు తెరవక్కర్లేదు. విమానంలో ఏదో కాయితం నింపాలి, గైడే నింపుద్ది. గది తాళం గైడే ఇస్తది. ఎక్కడ తినాలో గైడే చెప్తది. మాకు దొరికింది మెడ్రాసమ్మాయి, చేతిలో పసుపుపచ్చ జెండా. పాపం దిగీదిగగానే మమ్మల్ని లెక్కపెడితే ఒకసారి ముప్ఫై ఎనిమిది, ఇంకోసారి నలభై రెండు. మన డీలర్లు ఒక్కచోట నిలబడతారా? నేను ముందుకొచ్చి, అమ్మా నువ్వు జరుగు అని, గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ బస్తాలు పేర్చినట్టు పదేసి మంది చొప్పున నాలుగు వరసలు నిలబెట్టా. పన్నెండు సెకన్లలో లెక్క తేలింది. ఆ పిల్ల జెండా నా చేతిలో పెట్టేసి, ఇక మీ ఇష్టం సార్ అంది."

"తిండో?" అంది వెంకటేశ్వరమ్మ.

"పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సాంబారన్నం, రాత్రికి పెరుగన్నం. ఐదు రోజులకి పదిహేను పూటలు, ఒక్క పూట తేడా రాదు పిన్నీ. అదే ఒంటరిగా పోయావనుకో, ఏం పెట్టారో తెలియక, తెలిసినా వద్దని చెప్పడం రాక, బిస్కెట్లు తిని బతకాలి."

యలమంద కాయితం బయటికి తీసి పెన్ను కోసం జేబు తడుముకున్నాడు. బుల్లయ్య అది గమనించలేదు.

"కానీ బాబాయ్, చెడ్డ కూడా చెప్పాలిగా. అంతా గడియారం ప్రకారమే. అక్కడ జంట మేడలున్నాయి, ఒక్కోటి ఎనభై ఎనిమిది అంతస్తులు, చూడ్డానికిచ్చింది ఇరవై నిమిషాలు. అంటే పన్నెండొందల సెకన్లు. రెండు మేడలకీ కలిపి నూట డెబ్భై ఆరు అంతస్తులు. అంతస్తుకి ఏడు సెకన్లు కూడా రావు. ఆ మాత్రానికి అంత దూరం పోవాలా? నేను లెక్క ప్రకారం కింద నుంచి చూసుకుంటా వెళ్తున్నా. యాభై మూడో అంతస్తు చూసి మెడ దించేసరికి బస్సు లేదు!"

"జెండా నీ చేతిలోనే ఉందిగా?" అన్నాడు సుభానీ గ్లాసులు కడుగుతూ.

"ఉంది. జెండా ఉంది, గుంపు లేదు. నేను చెప్పేది అదేగా అన్నా! పాస్‌పోర్టు గైడు దగ్గర, పెట్టె బస్సులో. ఎటు పోవాలో తెలియక పద్నాలుగు కిలోమీటర్లు నడిచా. అప్పుడు తగిలింది ఘాటు. మన ఘాటు! ముక్కు ఎటు లాగితే అటు పోయా. పెద్ద మార్కెట్టు, ఎక్కడ చూసినా మిరపకాయ బస్తాలు. ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపా. గింజ గలగలమనలేదు. అయ్యా, ఇది మా వైపు సరుకే, రెండో కోత, బరువు కోసం నీళ్లు కొట్టారు, మోసపోయారు అని షావుకారుకి చెప్పా."

"ఏ భాషలో?" అంది వెంకటేశ్వరమ్మ.

"యార్డులో బేరానికి భాషెందుకు పిన్నీ? తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటే చాలు. ఆ షావుకారుకి మతిపోయింది. నా కళ్లకి గంతలు కట్టి అరవై బస్తాలు ముందు పెట్టాడు. వరసగా ముట్టుకుంటా ఊరు చెప్పా. ముప్ఫై దాటాక రైతు పేరు చెప్పా. యాభై దాటాక ఆ చేను దున్నిన ఎడ్ల పేర్లు చెప్పా. యాభై ఏడో బస్తాలో చెయ్యి పెట్టగానే నాకు కళ్లంట నీళ్లొచ్చేసినయ్. ఎవరిదనుకున్నావు? నీదే బాబాయ్!"

"నాదా?" యలమంద ముందుకి జరిగాడు. "ఏ చేనుది?"

"కాలవ పక్క ఎకరన్నర."

"అందులో పోయినేడు పత్తి వేశానురా."

"అదన్నమాట సంగతి! కాయ కాస్త మెత్తగా తగిలింది."

సుభానీ నవ్వాపుకోలేక స్టవ్ వైపు తిరిగాడు. వెంకటేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాంతో బుల్లయ్యకి ఇంకా హుషారొచ్చింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీ కారం ఎలా ఉంటదో చూపించమన్నాడు షావుకారు. చూపించకపోతే మన జిల్లాకే నామోషీ కదా. అరవై బస్తాలూ ఒకే బాణలిలో వేయించా. పొగ లేచింది. పద్నాలుగు లక్షల జనం ఒక్కసారే తుమ్మారు. తుమ్ముకి అర లీటరు గాలేసుకో, ఏడు లక్షల లీటర్లు! ఆ విసురుకి కుడివైపు మేడ అడుగున్నర వంగింది. తొమ్మిది క్రేన్లు తెచ్చారు, తొమ్మిదీ విరిగినయ్. అప్పుడు చూశా, షావుకారు కొట్టంలో ఒంగోలు గిత్తల జత. వాళ్ల తాత ఎప్పుడో ఓడలో తోలుకెళ్లాడంట. పుట్టిందగ్గర్నుంచీ తెలుగు మాటే వినలేదు పాపం. దగ్గరికెళ్లి చెవిలో, ఏరా, బండ లాగుదామా అన్నా. చెవులు రిక్కించి కాలు దువ్వినయ్! మేడకి మోకు కట్టి, కాడి మెడనేసి, పందాల్లో లాగా ఒక్క అదిలింపు అదిలించా. మేడ లేచి నిటారుగా నిలబడింది. నిలబడి ఊరుకుందా? రెండంగుళాలు ఇటు ఎక్కువొచ్చింది. దాన్ని మళ్లీ నేనే అటు నెట్టా."

"చేత్తోనా?" అన్నాడు సుభానీ.

"భుజంతో అన్నా. చేత్తో అంటే నువ్వు నమ్మవు."

యలమంద కూడా పగలబడి నవ్వాడు. పెన్ను దొరికింది. కాయితం మోకాలి మీద పరిచి, క్యాపు పళ్లతో లాగాడు.

"నవ్వుతున్నావు గానీ బాబాయ్, ఆ తర్వాత ఏమైందో తెలుసా? పోలీసులొచ్చారు. మేడ నిలబెట్టినందుకు దండేస్తారనుకున్నా. పాస్‌పోర్టు చూపించమన్నారు! గుంపులో పోతే అంతే, నువ్వు ఎవరివన్నదంతా గైడు సంచిలో ఉంటది. లోపలేశారు. చూస్తే మూడొందల పన్నెండు మంది, అందరూ గుంపు టూర్లలో వెనకబడ్డవాళ్లే. ఒకాయన మన చిలకలూరిపేటాయన, వెళ్లి పద్దెనిమిదేళ్లయిందంట. ఫొటో కోసం నవ్వుతా నిలబడ్డాడంట, నవ్వు పూర్తయ్యేసరికి బస్సు లేదు. ఇప్పటికీ అదే నవ్వు బాబాయ్, మూసుకోవట్లా. ఇంకొకామె బాత్రూముకెళ్లి వచ్చేసరికి బస్సు పోయిందంట. మొగుడు బస్సులోనే ఉన్నాడు, పక్కన పెళ్లాం లేదని చూసుకోలా. ఇంటికొచ్చి మంచినీళ్లు అడిగితే ఎవరూ ఇవ్వకపోయేసరికి అప్పుడు తెలిసిందంట."

యలమంద నవ్వు ఆగిపోయింది. పెన్నుకి క్యాపు పెట్టేశాడు.

"కోటప్పకొండ తిరునాళ్లలోనే ఈవిడ మూడు గంటలు తప్పిపోయింది," అన్నాడు మెల్లగా.

"నేను తప్పిపోలేదు, నువ్వే తప్పిపోయావు," అంది వెంకటేశ్వరమ్మ. "నేను మన ట్రాక్టరు దగ్గరే ఉన్నాను."

"ఎవరైతేనేంలే. మన వైపు కాబట్టి దొరికాం. అక్కడ ఎవర్నడుగుతాం? వద్దులేవే, మనకెందుకొచ్చిన గొడవ." కాయితం మడిచి కవర్లో పెట్టేశాడు.

వెంకటేశ్వరమ్మ టీ గ్లాసు తాగకుండానే కింద పెట్టి, రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. టైము పన్నెండుకి పది తక్కువ.

బుల్లయ్య ఇదేదీ చూసే స్థితిలో లేడు. లేచి నిలబడి చేతులూపుతున్నాడు. "జైలు గోడ ఇరవై రెండు అడుగులు. ఒక్క గెంతు గెంతి ఎయిర్‌పోర్టుకి పరుగో పరుగు. విమానం అప్పటికే కదిలింది. దాని పక్కనే నేనూ పరిగెత్తుతా, కిటికీ అద్దం మీద టకటకా కొట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు," అన్నాడు సుభానీ.

బుల్లయ్య చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. ఏడాదిగా చెప్తున్నాడు ఈ కథ. ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు ఇంతవరకూ.

"ఏమనుకోకు బుల్లయ్యా," అన్నాడు సుభానీ, చేతులు తుడుచుకుంటూ ఇవతలికొచ్చి. "నీ కథ వినడానికి వచ్చినవాళ్ల వల్లే నా టీలు ఎక్కువ అమ్ముడుపోయినయ్. ఇంకో పదేళ్లయినా వింటా ఉండేవాణ్ణి. కానీ ఒకసారి వెంకటేశ్వరమ్మక్క మొహం చూడు."

బుల్లయ్య చూశాడు. అప్పుడు చూశాడు, కవర్లోకి వెళ్లిపోయిన కాయితం కూడా.

"నువ్వు విమానం ఎక్కలేదు," అన్నాడు సుభానీ. యలమంద వైపు తిరిగాడు. "మెడ్రాసులోనే ఆపేశారండి ఇతన్ని. పోయినేడు మార్చిలో విదేశాల్లో ఆ కొత్త అంటుజ్వరం భయం ఉండేది కదా, జలుబు చేసినవాణ్ణి చూస్తేనే హడలిపోయేవాళ్లు. ఈయన ప్రయాణం రోజు పొద్దున కూడా ఊరుకోకుండా గుంటూరు యార్డుకెళ్లి, ఎవరి సరుకో కాయలు విరిచి, గింజలు నలిపి, అదే చొక్కాతో రైలెక్కాడు. ఎయిర్‌పోర్టులో చెమట పట్టిందని చొక్కా చేతులతో మొహం తుడుచుకున్నాడు. ఇంకేముంది, కళ్లు చింతనిప్పులు, ముక్కు కారడం. పదకొండు తుమ్ములు తుమ్మాడంట. వెనకున్నవాళ్లూ అందుకున్నారు. డాక్టరొచ్చాడు. మిరపకాయ వల్ల అంటే ఆయన నమ్మలా. విమానం ముప్ఫై తొమ్మిది మందితో ఎగిరిపోయింది."

"నీకెవరు చెప్పారు?" అన్నాడు బుల్లయ్య.

"ఊళ్లోకి రాలేక వాడరేవులో ఐదు రోజులు ఉన్నావే, నువ్వు అన్నం తిన్న హోటలు ఎవరిదనుకున్నావు? మా ఆవిడ ఖుర్షిదా తమ్ముడు అష్రఫ్‌ది. రెండో రోజు ఫోన్ చేశాడు. మీ ఊరాయనంట బావా, ఎయిర్‌పోర్టు సంగతి ఒక్కటీ చెప్పి ఊరుకున్నాడు, ఇక పలకడు, ఒకటే సముద్రం వంక చూస్తా కూర్చుంటున్నాడు, ఓ కన్నేసి ఉంచనా అని. ఉంచమన్నాను."

బుల్లయ్య బెంచీ చివర కూర్చున్నాడు.

"పదకొండు కాదు," అన్నాడు చివరికి. "పద్నాలుగు తుమ్ములు."

ఎవరూ నవ్వలేదు. యలమంద గొంతు సవరించుకున్నాడు. "అంటే జైలు లేదు."

"లేదు బాబాయ్."

"ఆ నవ్వు మూసుకోని చిలకలూరిపేటాయన?"

"లేడు."

"మరి ఇడ్లీ, సాంబారు?"

"అది కంపెనీవాళ్లిచ్చిన కాయితంలో ఉంది. ఏ పూటకేంటో, ఏ రోజు ఎక్కడో అంతా. చాలాసార్లు చదివాను."

"గైడు కూడా అబద్ధమేనా?" అంది వెంకటేశ్వరమ్మ.

"గైడు నిజం పిన్నీ." బుల్లయ్య తల ఎత్తాడు. ఈసారి చేతులు ఊపలేదు. "మెడ్రాసులోనే కలిసింది. నన్ను పక్కన కూర్చోబెడితే ఆ డాక్టరుతో నలభై నిమిషాలు పోట్లాడింది. లోపల్నుంచి మావాళ్లంతా టైమైపోతుందని ఒకటే గోల. నేను కూడా వెళ్లమ్మా అన్నాను. వెళ్లలా. గేటు మూసేస్తాం అన్నాక ఇక తప్పక వెళ్లింది. మర్నాడు మలేసియా నుంచి నా సెల్లుకి ఫోన్, ఇల్లు చేరారా సార్, కళ్లు తగ్గాయా అని. తీసుకెళ్లని మనిషి కోసమే అంత చేసింది. తీసుకెళ్లినవాళ్లని వదిలేసి వస్తదా? వదలదు బాబాయ్. మీకొచ్చే గైడు ఎవరో నాకు తెలియదు గానీ, వాళ్ల పని అది. ఒంటరిగా పోతే మన కోసం ఆ డాక్టరుతో పోట్లాడేదెవరు?"

రోడ్డు మీద కంపెనీ ఆఫీసరు మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. యలమంద భార్య వంక చూశాడు. ఆవిడ అప్పటికే కాయితం కవర్లోంచి తీసి ఆయన మోకాలి మీద పరిచింది. ఆయన నెమ్మదిగా, ఒక్కో అక్షరమే సంతకం పెట్టి, పెన్ను ఆవిడకిచ్చాడు. ఆవిడ సంతకానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

ఆఫీసరు కాయితం అందుకుని వెళ్లిపోయాడు. బుల్లయ్య మళ్లీ కాస్త ముందుకి జరిగాడు.

"అక్కడ దిగగానే పిన్నీ, ఎడమ చేతి వైపు చూస్తే పెద్ద..."

"నువ్వాగు," అంది వెంకటేశ్వరమ్మ. "ఎడమ చేతి వైపు ఏముందో, కుడి చేతి వైపు ఏముందో నేను చూసొచ్చి చెప్తాను. ఇక్కడే కూర్చుని చెప్తాను. నువ్వు విను."

"అన్నీ చెప్పాలి మరి."

"అన్నీ చెప్తాలే."

"పెంచకుండా చెప్పినా చాలు పిన్నీ," అన్నాడు బుల్లయ్య.